మడమ చప్పుడు

ఏప్రిల్ 11

అన్నా,

గెలిచాను. ఈపాటికి రాతిగని దగ్గర ఎవరో ఒకరు నీ చెవిలో అరిచే ఉంటారు. ఫోన్ చేస్తే నీకు వినపడదు, వదినకి చెప్తే నీ దాకా వచ్చేసరికి సగం మారిపోతుంది. అందుకే రాస్తున్నాను. ఈ రోజు నుంచి బాక్సింగులో వెల్టర్ వెయిట్ ఛాంపియన్ని నేనే. బెల్టు నా మంచం మీద పడి ఉంది. బరువెక్కువ, అందం తక్కువ.

పాత ఛాంపియన్ గట్టివాడు. మూడో రౌండులో నా ఎడమ కనుబొమ చీల్చేశాడు. రక్తం కంట్లోకి కారి సగం రింగే కనపడింది. ఆరో రౌండులో పక్కటెముక ఒకటి చిట్లింది. బండ పగలబోయే ముందు లోపల చిన్నగా ఒక చప్పుడు వస్తుందే, సరిగ్గా అదే చప్పుడు నా ఒంట్లో వినపడింది. తొమ్మిదో రౌండులో వాడి చేతులు వాలాయి. కుడి చేత్తో ఒక్కటే కొట్టాను. దవడ పక్కకి తిరిగిపోయినా కళ్ళు మాత్రం ఒక క్షణం నా వైపే చూశాయి. తర్వాత మోకాళ్ళు, తర్వాత మొహం నేలకి తగిలాయి. వాడి రెండు పళ్ళు నా బూటు పక్కన పడ్డాయి.

మాస్టారు మెచ్చుకుంటారనుకున్నాను. కుట్లు వేస్తుంటే పక్కన నిలబడి, "మళ్ళీ మడమ తట్టావు" అన్నారు. ఆయన దగ్గర శిక్షణకి చేరిన ఏడేళ్ళుగా మా ఇద్దరికీ ఇదే గొడవ. కుడి గుద్దు బలంగా వెయ్యబోయే ముందు నా కుడి మడమ రెండుసార్లు నేలని తడుతుంది. నాకు తెలియకుండానే. ఆ అలవాటు మాన్పించడానికి ఆయన బూటులో మడమ కింద గుండుసూది పెట్టి చూశారు. మేజోడు రక్తంతో తడిసింది గానీ అలవాటు పోలేదు. ఎదుటివాడు కనిపెడితే నా పని అయిపోతుందంటారు. ఈ సంగతి మా ఇద్దరికే తెలుసు. నువ్వు లెక్కలోకి రావు.

తమ్ముడు

ఏప్రిల్ 26

తమ్ముడికి,

నీ ఉత్తరం మీ వదిన రెండుసార్లు చదివింది, నేను ఒకసారి. రక్తం దగ్గర ఆమె గబగబా దాటేసింది. నిన్ను అక్కడ 'సమ్మెట' అని పిలుస్తున్నారట కదా, పేపర్లో పడింది. సుత్తి అనే పేరు మాత్రం మీ అన్నకి అట్టిపెట్టమంటోంది, నేను మాటలు మొదలుపెడితే ఆపనని.

ఎడమ చేత్తో రాస్తున్నాను కాబట్టి అక్షరాలు తాగినవాళ్ళలా ఉంటాయి. సర్దుకుని చదువుకో.

మీ మాస్టారు మంచివాడే కావచ్చు, కానీ మడమ కింద గుండుసూది పెట్టడమేమిటి. అది ఎలా వచ్చిందో ఆయనకి చెప్పావా? చెప్పకపోతే ఈ కింది ముక్క చదివి వినిపించు.

అయ్యా, రాతిలో బెజ్జం వెయ్యడానికి ఒకడు ఉలి పట్టుకుంటాడు, ఒకడు సమ్మెటతో కొడతాడు. దెబ్బ దెబ్బకీ పట్టుకున్నవాడు ఉలిని కొంచెం తిప్పాలి. తిప్పడం అయ్యాకే దెబ్బ పడాలి. అందుకు కొట్టేవాడు ముందు ఒక కేక వేస్తాడు. మందుగుండు పేలుళ్ళకి నా చెవులు అప్పటికే సగం పోయాయి. వీడికి పదహారేళ్ళప్పుడు ఒక రోజు కేక వేసి కొట్టాడు, నాకు వినపడలేదు, నా చెయ్యి ఇంకా ఉలి మీద కదులుతోంది. కుడిచేతి రెండు వేళ్ళు బండకి అంటుకుపోయాయి, మూడోది మిగిలింది గానీ వంగదు. చెయ్యి మాని నేను పనికి వచ్చిన రోజు నుంచి వీడు కేక మానేసి బండ మీద మడమ రెండుసార్లు తట్టడం మొదలుపెట్టాడు. చెవి పోయినా మోకాళ్ళకి తెలుస్తుంది కదా. ఆ తర్వాత నాలుగేళ్ళు నేను తల ఎత్తి చూడకుండా ఉలి పట్టుకున్నాను. ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. ఆ అలవాటు పోవాలంటే గుండుసూది చాలదు.

ఇక్కడ గనిలో తూర్పు గోడ రాయి అయిపోవచ్చింది. కొత్త మేస్త్రీకి నోరెక్కువ. పిల్లలు బాగున్నారు. పక్కటెముక కట్టుకునే దాకా పరిగెత్తకు.

అన్న

జూలై 3

అన్నా,

నీ ముక్క మాస్టారికి చదివి వినిపించాను. ఆయన కాగితం మడిచి నాకిచ్చారు. తర్వాత గుండుసూది తీసి చెత్తబుట్టలో వేశారు. కానీ కుడి గుద్దు తగ్గించి ఎడమ చేత్తో పని కానివ్వమంటున్నారు.

ఆగస్టు పదహారున బెల్టు నిలబెట్టుకోవాలి. ఎదుటివాణ్ణి అందరూ రేవువాడు అంటారు. ఓడల్లోంచి మూటలు దింపి పెరిగాడు. మెడ నా తొడంత ఉంటుంది. వాడితో ఆడినవాళ్ళలో ఇద్దరు మళ్ళీ రింగెక్కలేదు.

ముందు నాతో నేనే కొట్టుకోవాలి. తూకం రోజున అరవై ఆరు కిలోల ఆరు వందల గ్రాములకి దిగాలి. ఇవాళ డెబ్భై మూడున్నాను. ప్లాస్టిక్ చొక్కా తొడుక్కుని వేడి గదిలో తాడు ఆడతాను. చివరి రెండు రోజులూ నీళ్ళుండవు. డబ్బాలో ఉమ్మడమే. ఉమ్ము కూడా రాకపోతే మాస్టారు నాలుక మీద నిమ్మ చెక్క రాస్తారు. ఇది వదినకి చూపించకు.

ఇంకో మాట. ఈ రోజు నుంచి ఆట అయ్యేదాకా ఇంటి ఉత్తరాలు నాకివ్వరు. అది మాస్టారి పద్ధతి. ఒక కుర్రాడికి ఆట ముందు రోజు తండ్రి పోయిన కబురు అందిందట, వాడు రింగులో చేతులు ఎత్తలేదట. నువ్వు రాస్తే ఆయన సంచిలో విప్పకుండా ఉంటాయి. అయినా రాస్తూ ఉండు.

తమ్ముడు

జూలై 22

తమ్ముడికి,

ఇది నీకు ఆలస్యంగా అందుతుందని తెలిసే రాస్తున్నాను. ఊరికే ఉండలేకపోయాను.

నిన్న గనికి ఒక పెద్దమనిషి వచ్చాడు. తెల్ల ఫ్రేము కళ్ళజోడు. నీ మీద పుస్తకం రాస్తున్నాడట. పిల్లలకి రంగు పెన్సిళ్ళు తెచ్చాడు. నా చెవి సంగతి తెలుసుకుని ప్రశ్నలన్నీ కాగితం మీద రాసి చూపించాడు, అంత మర్యాద. రింగు సంగతులు ఒక్కటీ అడగలేదు. నువ్వు ఇక్కడ ఎలా పని చేసేవాడివో చూపించమన్నాడు.

పని మానుకుని చూపించాను. ఇన్నేళ్ళలో మన పని చూడ్డానికి ఎవరొచ్చారు? సమ్మెట నేనే పట్టుకుని, నువ్వు నిలబడే చోట నిలబడి, నీలాగే మడమ తట్టి కొట్టాను. నా వేళ్ళ సంగతీ, ఆ మడమ ఎందుకు వచ్చిందో కూడా చెప్పాను. ఆయన మూడుసార్లు చేయించాడు. నా పాదం చుట్టూ సుద్దముక్కతో గీత గీసి కొలుచుకున్నాడు. వెళ్ళేటప్పుడు నా చెయ్యి, ఈ పాడైన చెయ్యే, రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

మీ వదిన మాత్రం, కాఫీ తాగుతూ ఇల్లంతా తూకం వేస్తున్నట్టు చూశాడు అంది. ఆమెకి కొత్తవాళ్ళంటే అంతే. పుస్తకం వచ్చాక నవ్వుకుందాంలే.

అన్న

ఆగస్టు 20

అన్నా,

ఓడిపోయాను. ఏడో రౌండు. ఎలా ఓడిపోయానో విను.

మొదటి రౌండులో ఒకసారి కుడి గుద్దు వెయ్యబోయాను. నా చెయ్యి బయల్దేరకముందే వాడు లోపలికొచ్చేశాడు. కుడి పక్కటెముకల కింద ఎడమ చేత్తో గుద్దాడు. అక్కడ తగిలితే నొప్పి వెంటనే రాదు. ముందు కాళ్ళు పోతాయి, తర్వాత ఊపిరి, అప్పుడు నొప్పి వస్తుంది. రెండో రౌండులోనూ అంతే. మూడులోనూ అంతే. వాడు నా మొహం చూడటం లేదు, నా కాళ్ళు చూస్తున్నాడు. నాలుగో రౌండులో వాళ్ళ మూలలోంచి తెల్ల కళ్ళజోడువాడొకడు తాడు పట్టుకుని అరిచాడు, "మడమ చూడు, మడమ!" అని.

ఆ తర్వాత కుడి చెయ్యి వెయ్యడానికి భయపడ్డాను. వెయ్యకపోతే వాడు మొహం మీద పడ్డాడు. ముక్కు ఐదో రౌండులో విరిగింది. ఏడులో మూడుసార్లు లేచాను. నాలుగోసారి లేవబోతే నా చేతులు ఎక్కడున్నాయో నాకు తెలియలేదు. రెండు రోజులు ఎర్రటి మూత్రం పోశాను.

బట్టలు మార్చుకునే గదిలో మాస్టారు నా ముక్కు సరిచెయ్యడానికి వచ్చారు. "ఎవరికి చెప్పావు?" అన్నాను. మొదటిసారి ఆయన్ని ఏకవచనంలో అన్నాను. "నేను చెప్పలేదురా" అన్నారు. నాకూ ఆయనకీ తప్ప తెలియని సంగతి, నేను చెప్పలేదు. ఇంకెవరు మిగిలారు? కొట్టాను. గ్లవ్స్ లేవు. దవడ రెండుచోట్ల విరిగింది. బల్ల అంచు తగిలి చెవి కూడా తెగింది. అరవై రెండేళ్ళ మనిషి. చేతులు అడ్డం పెట్టుకోలేదు.

ఆ గుద్దుకి మడమ తట్టలేదు. అది గుర్తుంది.

తమ్ముడు

సెప్టెంబర్ 1

తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. ముక్కు ఎలా ఉంది? ఆవిరి పట్టు.

ఇక్కడ వానలు. గనిలో నీళ్ళు నిలిచాయి, నాలుగు రోజులుగా పని లేదు. మేస్త్రీ నీళ్ళు తోడే యంత్రం తెప్పిస్తానని రోజూ చెప్తున్నాడు. పెద్దదానికి పన్ను ఊడింది.

మాస్టారి విషయం. ఆయన ముసలాయన. ఏడేళ్ళు నీకు అన్నం పెట్టాడు. ఆయనే చెప్పాడని ఎలా అనుకుంటావు? బయటివాళ్ళు ఎవరైనా చూసి కనిపెట్టి ఉండవచ్చు కదా. ఒకసారి వెళ్ళి మంచిచెడ్డలు కనుక్కో. ఇంతకన్నా రాయడానికి చెయ్యి రావడం లేదు.

అన్న

సెప్టెంబర్ 9

అన్నా,

నువ్వు ఆయన పక్షం మాట్లాడతావని అనుకోలేదు. నీ మనసు మెత్తన. నీ వేళ్ళు చితక్కొట్టినవాణ్ణే చెయ్యి మానగానే పిలిచి మళ్ళీ ఎదురుగా కూర్చున్నావు. నేను నీలాంటివాణ్ణి కాదు.

ఇక్కడ ఆయన పేరు ఎత్తితే ఉమ్ముతున్నారు. వ్యాయామశాలలోంచి పంపేశారు. ఆయన పేరున్న బోర్డు కుర్రాళ్ళు పీకి కాళ్ళ కింద వేసి తొక్కారు. దవడకి తీగ కట్టారట, గొట్టంతో తాగుతున్నాడట. నేనింకా చాలదనే అంటున్నాను. చెవి తెగింది గానీ ఆ చెవితో ఇక నా అడుగు చప్పుడు వినకుండా చేసి ఉండాల్సింది.

రేవువాడితో మళ్ళీ ఆట జనవరిలో. కొత్త శిక్షకుణ్ణి చూసుకుంటున్నాను.

తమ్ముడు

సెప్టెంబర్ 19

తమ్ముడికి,

చెప్పింది నేను.

జూలైలో తెల్ల కళ్ళజోడాయన ఇక్కడికి వచ్చాడు. పుస్తకం రాస్తున్నానన్నాడు. ఆ సంగతి నీకు అప్పుడే రాశాను, ఆ ఉత్తరం మాస్టారి సంచిలో ఉంటుంది. రింగు గురించి ఒక్క మాట చెప్పలేదు, రాయి గురించే చెప్పాను. మడమ చూపించాను. నీ మొదటి ఉత్తరంలో అది దాచాల్సిన సంగతని రాశావు. అది రింగులో సంగతి అనుకున్నాను. ఇక్కడ అది దాచాల్సిన విషయం ఎప్పుడూ కాదు. నేను నలుగురికీ గొప్పగా చెప్పుకునేది అదొక్కటే.

నీ ఆగస్టు ఉత్తరంలో కళ్ళజోడు మాట చదవగానే తెలిసింది. అయినా వానల గురించి రాశాను. నువ్వు నా దగ్గరికి రావడం మానేస్తావని భయపడ్డాను. ఆ భయానికి ఒక ముసలాయన పద్దెనిమిది రోజులు ఎక్కువ దొంగగా ఉన్నాడు.

కొలవడానికి ఆయన నా పాదం చుట్టూ గీసిన సుద్ద గీత వానకి పోతుందనుకున్నాను, పైన బండ అడ్డం ఉండటంతో పోలేదు. నిన్న తడి గోనెతో రుద్దాను.

ముందు ఆయన దగ్గరికి వెళ్ళు. నన్ను ఏమనాలో తర్వాత ఆలోచించుకో.

అన్న

అక్టోబర్ 14

అన్నా,

వెళ్ళాను. ఇరుకు గది, కిటికీ పక్కన కుర్చీ. దవడకి తీగ ఉండటంతో మాట్లాడలేరు. పలక మీద రాస్తారు. నీ ఉత్తరం ఆయన ముందు పెట్టాను. చదివి, సంచి చూపించారు. అందులో నీ జూలై ఉత్తరం, విప్పనిది. దాన్ని అక్కడే విప్పి చదివాను. కాళ్ళు పట్టుకోబోతే కాలు వెనక్కి లాక్కున్నారు. పలక మీద రాశారు: 'లే. బరువెంత?'

డెబ్భై నాలుగు అన్నాను. పలక తుడిచి ఇంకో మాట రాశారు: 'మడమ పోదు. వాడుకో.'

నీ మీద కోపం ఉందో లేదో నాకే తెలియడం లేదు. జనవరి దాకా రాయను.

తమ్ముడు

జనవరి 30

అన్నా,

బెల్టు మళ్ళీ నా దగ్గరికి వచ్చింది. పేపర్లో చూసే ఉంటావు. పేపర్లో లేనిది రాస్తున్నాను.

వ్యాయామశాలలో అందరికీ నిజం చెప్పి మాస్టారిని వెనక్కి తెచ్చుకున్నాను. మూడు నెలలు మేం నేర్చుకున్నది ఒక్కటే. రెండుసార్లు తట్టడం, కొట్టకుండా ఆగడం. చెప్పడానికి తేలిక. మడమ తట్టాక నా చెయ్యి ఆగేది కాదు, భుజం దానంతటదే వెళ్ళిపోయేది. మాస్టారు నా కుడి ముంజేతిని తాడుతో గోడ కొక్కేనికి కట్టారు. తట్టిన ప్రతిసారీ చెయ్యి గుంజుకుని చర్మం లేచిపోయేది. నవంబరు ఆఖరుకి ఆగింది.

మొదటి ఎనిమిది రౌండ్లు నిజంగానే తట్టి కొట్టాను. ప్రతిసారీ వాడు లోపలికొచ్చి పక్కటెముకల కింద గుద్దాడు. గుద్దనిచ్చాను. వాడికి నమ్మకం కుదరాలి కదా. ఎనిమిదో రౌండు అయ్యేసరికి కుడి వైపు రెండు ఎముకలు విరిగాయి, మూలలో కూర్చుని రక్తం కక్కాను. జనం హోరులో మాట వినపడదని మాస్టారు పలక ఎత్తి చూపించారు. 'ఇప్పుడు.'

తొమ్మిదో రౌండులో రెండుసార్లు తట్టాను. వాడు తల వంచి లోపలికొచ్చాడు, ఏ అనుమానం లేకుండా, నువ్వు ఉలి మీదికి వంగినట్టే. నేను కొట్టలేదు. ఒక్క ఊపిరి ఆగాను. అప్పుడు కింద నుంచి పైకి కొట్టాను. తల వెనక్కి విరుచుకుపోయింది. ఇంకా నిలబడే ఉన్నాడు, కళ్ళలో ఎవరూ లేరు. రిఫరీ రాకముందు ఇంకో మూడు కొట్టాను. ఆ మూడూ అక్కర్లేదని నాకు తెలుసు. వెనక్కి పడి తల నేల చెక్కలకి తగిలింది. జనం అంతా అరుస్తున్నా ఆ చప్పుడు నాకు విడిగా వినపడింది.

ఆరు రోజులకి వాడికి తెలివొచ్చింది. నిన్న ఆసుపత్రికి వెళ్ళాను. వాళ్ళమ్మ గది గుమ్మంలో నిలబడి నన్ను ఎగాదిగా చూసి పక్కకి తప్పుకుంది. కుడి చెయ్యి, కుడి కాలు లేవడం లేదు. మూటలు మోసిన చెయ్యి దుప్పటి మీద చచ్చిన పిట్టలా పడి ఉంది. నోరు ఒక పక్కకి పోయింది. నన్ను గుర్తుపట్టాడు. తిడతాడనుకున్నాను. చాలాసేపు కష్టపడి ఒక్క మాట అన్నాడు.

"రెండుసార్లు తట్టావు కదా" అన్నాడు.

మోసపోయినవాడు అన్నట్టు కాదు, అన్నా. తనే ఎక్కడో తప్పుగా చూశానేమో అని అడిగినట్టు అన్నాడు.

మేలో ఇంకో ఆట కుదిర్చారు. ఈ ఉదయం గుద్దుల సంచీ కొట్టడానికి నిలబడ్డాను. మడమ తట్టడం లేదు. మడమ తట్టకపోతే చెయ్యి లేవడం లేదు. అరగంట అలాగే నిలబడ్డాను. మాస్టారికి తీగ ఎప్పుడో తీసేశారు, మాట్లాడగలరు. అయినా ఆ సంచీ దింపి పక్కన పెట్టడమే చేశారు. ఏం చెయ్యమంటావు?

తమ్ముడు

ఫిబ్రవరి 12

తమ్ముడికి,

నీ ఉత్తరం ఎవరికీ చూపించలేదు. మీ వదిన అడిగితే క్షేమమేనని చెప్పాను.

నిన్ను తిట్టడానికి నాకు మొహం లేదు. కళ్ళజోడువాడికి దారి చూపించింది నేను, నీకు ఇంకో దారి చూపించింది మాస్టారు. కానీ తట్టి ఆగింది మాత్రం నీ కాలే. తర్వాత కొట్టిన ఆ మూడు కూడా నీవే. అవి నేనూ మొయ్యలేను, ఆయనా మొయ్యలేడు.

నాలుగేళ్ళు నేను తల ఎత్తకుండా ఉలి పట్టుకున్నానని మీ మాస్టారికి రాశాను. అది పూర్తిగా నిజం కాదు. మొదటి ఆరు నెలలు నీ మడమ తట్టినప్పుడల్లా కళ్ళు మూసుకునేవాణ్ణి. మూత్రం ఆగేది కాదు. అందుకే పొద్దున నీళ్ళు తాగకుండా పనికి వచ్చేవాణ్ణి. నీకు తెలియకూడదని. ఆరు నెలలు అయ్యాక ఒక రోజు కళ్ళు తెరిచే ఉన్నాయని గమనించాను. నేను మెత్తనివాణ్ణి కాబట్టి నీ ఎదురుగా కూర్చున్నానని రాశావు. కాదు. నేను లేచి వెళ్ళిపోతే నువ్వు ఇంకెప్పుడూ దేన్నీ కొట్టలేవని తెలిసి కూర్చున్నాను. అది మంచికి చేశానో చెడుకి చేశానో ఇవాళ చెప్పలేను.

మే ఆట సంగతి నన్నడక్కు. నాకు తెలియదు. ముందు ఇక్కడికి రా.

పడమటి గోడ మొదలుపెట్టాం. రాయి మంచిది, గట్టిది. ఉలి నువ్వు పట్టుకుందువు గాని. సమ్మెట నేను కొడతాను. ఎడమ చెయ్యీ, కుడిచేతిలో మిగిలిన వేళ్ళూ, నా గురి ఎలా ఉంటుందో నీకు తెలుసు. కొట్టే ముందు మడమ రెండుసార్లు తడతాను. నమ్మాలో లేదో నువ్వు చూసుకో.

నీ చేతులకి చుట్టుకునే ఆ గుడ్డ పట్టీలు మాత్రం అక్కడే వదిలేసి రా. ఇక్కడ ఉలి ఒట్టి చేతుల్తో పట్టుకోవాలి.

అన్న